రీఫ్ ట్యాంకులో తుంగ: ఐప్టేసియాను పీకితే ఎందుకు పెరుగుతుంది, ఎలా పోతుంది

పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో (అదే రీఫ్ ట్యాంకు) రాయి సందులోంచి గోధుమరంగు ఈతమొలక లాంటిది ఒకటి తల బయటపెడుతుంది. అదే ఐప్టేసియా, రాతికి అతుక్కుని బతికే మెత్తని సముద్రజీవి, ఎనిమోన్లలో ఒక రకం. సెంటీమీటరు కూడా ఉండదు. చూడ్డానికి ముచ్చటగా కూడా ఉంటుంది. కొసరుగా వచ్చిన ప్రాణి అనుకుని వదిలేసేవాళ్ళు కొందరు, పట్టకారు పెట్టి పీకేసేవాళ్ళు కొందరు. వదిలేసినవాళ్ళ ట్యాంకులో కొన్ని నెలలకి రాళ్ళన్నీ అవే కనిపిస్తాయి. పీకినవాళ్ళకి అంతకంటే ముందే ఆ దృశ్యం దక్కుతుంది.

తుంగను కొడవలితో కోసిన రైతు పడే అవస్థే ఇది. పైన ఆకు తెగుతుంది, మట్టిలో గడ్డ నిక్షేపంగా ఉంటుంది. ఐప్టేసియాకి గడ్డ లేదు గాని పాదం ఉంది. రాతికి అతుక్కుని ఉండే ఆ పాదం అంచు నుంచి చిన్న తునకలు విడిపోతాయి, ఒక్కో తునకా ఒక్కో కొత్త ఎనిమోన్‌గా ఎదుగుతుంది. ఎవరూ ముట్టుకోకపోయినా ఈ పని జరుగుతూనే ఉంటుంది. కాస్త పక్కకి జరిగిన ఎనిమోన్ తన వెనక నాలుగైదు తునకలు వదిలి పోతుంది. పట్టకారుతో పీకడమంటే అది తీరిగ్గా చేసుకునే పనిని మనం దగ్గరుండి చేసిపెట్టడం. దాన్ని చంపేవి బోలెడన్ని ఉన్నాయి: సున్నం, వెనిగర్, వేడినీళ్ళు, నిమ్మరసం. తునక మిగలకుండా చంపడం దగ్గరే అన్నీ తడబడతాయి. కింద చెప్పే ప్రతి పద్ధతినీ ఈ ఒక్క గీటురాయి మీదే గీసి చూడాలి.

ముందు ఆనవాలు పట్టాలి

ఐప్టేసియాకి సన్నని పొడుగాటి కాండం, పైన పళ్ళెంలాంటి నోటి భాగం, దాని చుట్టూ కొస తేలిన సన్నని స్పర్శకాలు ఉంటాయి. రంగు లేత గోధుమ; నీడలో పెరిగితే దాదాపు పారదర్శకం. నీడ పడినా చాలు, రెప్పపాటులో రంధ్రంలోకి ముడుచుకుంటుంది. మజానో దీని దాయాది. పొట్టిగా బొద్దుగా ఉంటుంది, స్పర్శకాల కొసలు కాస్త ఉబ్బి ఉంటాయి, ఆకుపచ్చ, గులాబీ ఛాయలు కనిపిస్తాయి. కోరి పెంచుకునే బబుల్‌టిప్ ఎనిమోన్ పిల్ల అనుకుని మురిసిపోయి పెంచేది ఎక్కువగా దీన్నే.

పొరపాటున చంపకూడనివి కూడా ఉన్నాయి. కాగితం చుట్టినట్టుండే గొట్టంలోంచి ఈకల విసనకర్ర లాంటిది బయటికొస్తే అది ఫెదర్ డస్టర్ పురుగు. నీళ్ళు వడకట్టుకు తినే సాధుజీవి. స్పర్శకాల చివర నారింజరంగు లేదా తెల్లని గుండ్రటి బొడిపెలు ఉండి రాత్రిపూట మాత్రమే విచ్చుకునేది బాల్ ఎనిమోన్. ఒకటీ అరా ఉంటే ఉండనివ్వొచ్చు.

ఐప్టేసియాకి ఇంత మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలంటే పగడాల మీద పరిశోధన చేసే ల్యాబుల వైపు చూడాలి. పాత పుస్తకాల్లో ఐప్టేసియా పల్లిడా, ఐప్టేసియా పుల్చెల్లా అని వేర్వేరుగా రాసిన జీవుల్ని 2014 నుంచి ఎక్సాయ్‌ప్టేసియా అనే ప్రజాతి కింద చేర్చారు. 2015లో దీని జన్యుక్రమం ప్రచురించారు. వైద్య పరిశోధనకి ఎలుక ఎలాగో, పగడాలు తమలోని శైవలాలతో (సూక్ష్మమైన నాచుతో) ఎలా కాపురం చేస్తాయో తెలుసుకోవడానికి ఇది అలాగ. ల్యాబులకి ఇది ఎందుకంత నచ్చిందంటే ఒక్క జీవి నుంచి అచ్చుగుద్దినట్టు వందలు తయారవుతాయి, మామూలు గాజు గిన్నెలో బతుకుతుంది, చీకట్లో పెట్టి ఒంట్లోని శైవలాలన్నీ పోగొట్టినా తిండి పెడితే తెల్లగా పాలిపోయి బతికే ఉంటుంది. ఆ గుణాల జాబితానే ట్యాంకు యజమాని కోణంలో చదవండి: ఒక్కటి వస్తే చాలు, నీటి నాణ్యత తగ్గినా చావదు, లైట్లు ఆర్పేసినా చావదు. వారం రోజులు లైట్లు ఆపి చూద్దాం, ఉప్పు తగ్గించి చూద్దాం అనే ప్రయోగాల్లో ముందు పోయేది పగడాలే.

అసలు దీనితో పోరు దేనికంటే, కుడుతుంది. స్పర్శకాలే కాక దీని ఒంట్లో దంశకణాలు (కుట్టే కణాలు) దట్టించిన సన్నని తెల్లని దారాలుంటాయి. బెదిరిస్తే వాటిని నోట్లోంచీ, కాండం మీదున్న సన్న రంధ్రాల్లోంచీ బయటికి విసురుతుంది. పక్కనున్న జోయాంథిడ్ (గుండీల్లా గుంపుగా పెరిగే పగడాల చుట్టం) ముడుచుకుని రోజుల తరబడి తెరుచుకోకపోతే, రాతిపగడం అంచు దగ్గర కండ కరిగి తెల్ల ఎముక కనిపిస్తే, ఆ చుట్టుపక్కల ఐప్టేసియా ఉందేమో చూడండి. ఎనిమోన్‌ని సూదితో సతాయించి వదిలేయడం అసలు ముట్టుకోకపోవడం కంటే చెడ్డది కావడానికి కారణం కూడా ఈ దారాలే.

ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి

మందు కొనే ముందు, రొయ్యలు కొనే ముందు, ఒక రాత్రి లైట్లు ఆరిన రెండు గంటల తర్వాత టార్చితో ట్యాంకు మొత్తం వెతకండి. రాళ్ళ వెనక, పైనీళ్ళు కిందికి దిగే ఓవర్‌ఫ్లో గూట్లో, ట్యాంకు కింద నీటిని శుద్ధి చేసే సంప్ పెట్టె గోడల మీద, ఆ నీటిని పైకి తోసే రిటర్న్ పంపు ఒంటి మీద, నురగతో మురికి తీసే స్కిమ్మర్ అడుగున. వెలుతురు లేని సంప్‌లో కొట్టుకొచ్చిన తిండి తిని పాలిపోయిన ఐప్టేసియాలు ఎన్ని ఉంటాయో చూస్తే చాలామంది అవాక్కవుతారు. పైన కనిపించే ట్యాంకులో పది చంపి సంప్‌లో నలభై వదిలేస్తే, పంపు గుండా తునకలు మళ్ళీ పైకి వస్తూనే ఉంటాయి.

లెక్క తేలాక దారి దానంతట అదే తేలుతుంది. చేతికి అందే చోట పది పదిహేను లోపు ఉంటే మందు ముద్దతో చంపవచ్చు. ఒకే రాయి మీద గుంపుగా ఉంటే ఆ రాయినే బయటికి తీయడం మేలు. ట్యాంకంతా పరుచుకుని, చెయ్యి దూరని సందుల్లో కూడా ఉంటే ప్రాణులతో తినిపించడం తప్ప మార్గం లేదు. అక్కడ సిరంజి పట్టుకుని కూర్చోవడం కాలక్షేపం. ఈ మూడింటినీ ఒకేసారి మొదలుపెట్టడం అన్నిటికంటే పెద్ద తప్పు. ఎందుకో కిందికి వెళ్ళేకొద్దీ తెలుస్తుంది.

సున్నపు ముద్ద

రీఫ్ పెంపకందారులు కాల్క్‌వాసర్ అని పిలిచేది మరేదో కాదు, మన సున్నపు తేటే. కాల్షియం హైడ్రాక్సైడ్‌ని నీటిలో కలిపితే పీహెచ్ 12.4 దాకా పోతుంది. ఆ క్షారానికి ఎనిమోన్ కండ కరిగిపోతుంది. తేట నీళ్ళలా ఉంటుంది కాబట్టి ఒలికి చెదిరిపోతుంది. మనకి కావాల్సింది ముద్ద. ఎనిమోన్ మీద మూతలా కూర్చుని కదలకుండా ఉండేది.

రసాయనంగా తాంబూలపు సున్నం కూడా ఇదే. అయినా దుకాణంలో దొరికే ట్యూబు సున్నంలో సువాసన, రంగు కలిపి ఉండొచ్చు. గోడల సున్నంలో మట్టి, ఇతర లోహాలు ఉంటాయి. రెండూ వద్దు. అక్వేరియం కోసం అమ్మే కాల్క్‌వాసర్ పొడి గాని, ల్యాబ్ గ్రేడు కాల్షియం హైడ్రాక్సైడ్ గాని, అమెరికాలో ఉండేవాళ్ళయితే ఊరగాయలకి అమ్మే పిక్లింగ్ లైమ్ గాని తీసుకోండి. డబ్బా మూత వదులుగా పెట్టి ఏడాది ఉంచిన పొడి పనికిరాదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలి అది సుద్ద అయిపోతుంది. సుద్దకి ఎనిమోన్ భయపడదు. "ముద్ద పెట్టాం, ఏమీ కాలేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఆ పాత డబ్బాయే.

రెండు చెంచాల పొడిలో ఆర్‌వో నీరు చెంచాతో మొదలుపెట్టి, చుక్క చుక్కగా పోస్తూ ఇడ్లీపిండి జారుకి తేవాలి. దోసెపిండి జారు అయితే పలచన, ప్రవాహానికి లేచిపోతుంది. 3 మి.లీ. లేదా 5 మి.లీ. సిరంజి, 18 గేజి మొండి సూది తీసుకోండి. అంతకంటే సన్న సూదిలో సున్నం ఇరుక్కుంటుంది. ఇరుక్కుందని గట్టిగా నొక్కితే ఒక్కసారిగా చిమ్మి ట్యాంకంతా పాలలా మారుతుంది. చేతులకి గ్లోవ్స్, కళ్ళకి గాగుల్స్ తప్పనిసరి. సున్నం కంట్లో పడితే ఏమవుతుందో తమలపాకుల పెట్టె ఉన్న ఇళ్ళలో పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పడితే కనీసం 20 నిమిషాలు ధారగా కడిగి, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఇక పని. రిటర్న్ పంపు, ట్యాంకులో ప్రవాహం పుట్టించే పవర్‌హెడ్‌లు అన్నీ ఆపండి. నీళ్ళు నిలకడగా అయ్యేదాకా రెండు నిమిషాలు ఆగండి. సిరంజిని పైనుంచి నెమ్మదిగా, ఎనిమోన్ మీద నీడ పడకుండా పక్కవాటుగా తీసుకెళ్ళాలి. స్పర్శకాలకి సూది తగలకూడదు. నోటికి అర సెంటీమీటరు పైన ఆపి, మొదట ఒక చిన్న బొట్టు వదలండి. తిండేమో అనుకుని అది బొట్టుని నోటివైపు లాక్కుంటుంది. ఆ క్షణంలోనే మిగతా ముద్దను పళ్ళెం మీద గుమ్మరించండి. అది ముడుచుకుంటూ సున్నాన్ని తనతో పాటే లోపలికి లాగేసుకుంటుంది. ఈ బొట్టు కిటుకు లేకుండా ముద్దంతా ఒకేసారి వేస్తే, నోరు మూసుకుని రంధ్రంలోకి జారుకుంటుంది. పైన సున్నం గట్టిపడుతుంది, కింద పాదం బతికే ఉంటుంది, పది రోజులకి పక్క సందులోంచి మూడు పిల్లలు తొంగిచూస్తాయి. రంధ్రం లోతుగా ఉంటే ముడుచుకున్నాక కూడా ఇంకాస్త ముద్దతో రంధ్రాన్ని పూర్తిగా పూడ్చేయండి.

పావుగంట ఆగాలి. ఆ తర్వాత పంపులు వేసే ముందు, పైన మిగిలిన తెల్ల పొడిని సన్న గొట్టంతో సైఫన్ చేసి తీసేయండి. ఈ పని వదిలేస్తే ఆ పొడి లేచి పక్క పగడం మీద పడి కాలుస్తుంది.

ఒక రోజులో ఎన్ని చంపవచ్చో లెక్క ఉంది. 1 గ్రాము కాల్షియం హైడ్రాక్సైడ్ 100 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగితే ఆల్కలినిటీ (నీటి క్షారశక్తి; డీకేహెచ్ దాని కొలమానం) సుమారు 0.76 డీకేహెచ్ పెరుగుతుంది. అది భరించవచ్చు. పీహెచ్ మాత్రం ఆ కాసేపట్లో 0.3, 0.4 దాకా ఎగబాకుతుంది, అక్కడే చిక్కు. అర మి.లీ. ముద్దలో పావు గ్రాము పొడి ఉంటుందనుకుంటే, 100 లీటర్లకి రోజుకి నాలుగైదు ఎనిమోన్లు. లీటర్లు లెక్కించేటప్పుడు ట్యాంకు కొలత కాక, రాళ్ళూ ఇసకా తీసేసి నిజంగా ఉన్న నీటిని లెక్కించాలి. పీహెచ్ రోజంతటిలో తక్కువగా ఉండేది తెల్లవారుజామున, లైట్లు వెలిగే ముందు. ఈ పని ఆ వేళకి పెట్టుకుంటే 7.9 నుంచి 8.2కి వెళ్తుంది, సాయంత్రం పెట్టుకుంటే 8.3 నుంచి 8.6కి. తేడా చేపలకి తెలుస్తుంది.

నిమ్మరసం, వెనిగర్ సంగతి ఏమిటని అడుగుతారు. అవీ కాలుస్తాయి. కానీ నీళ్ళలా పలచన, కప్పి ఉండలేవు, సూదితో ఒంట్లోకి గుచ్చి ఎక్కించాలి. కదిలే మిల్లీమీటరు కాండంలోకి సూది సరిగ్గా దిగేది పదింట్లో ఎన్నిసార్లో వేసి చూసినవాళ్ళకి తెలుసు. మిగతాసార్లు సూది ఆ పక్కనుంచి బయటికి వస్తుంది, ఎనిమోన్ చిరుగుతుంది, తునకలు తేలతాయి. మరిగే నీళ్ళు ఎక్కించడం వీటికంటే నయం, అవశేషం మిగలదు; సిరంజి పట్టుకున్న వేళ్ళు కాలతాయి, అంతే. రెడ్ సీ అనే కంపెనీ వాళ్ళ ఐప్టేసియా ఎక్స్ లాంటి మందులు సౌకర్యంలో అన్నిటికంటే ముందుంటాయి. అవి జిగటగా అంటుకుంటాయి, ఎనిమోన్ తిండి అనుకుని మింగుతుంది. డబ్బుకి వెనకాడకపోతే సున్నం కలుపుకునే బాధ అక్కర్లేదు. కాకపోతే బొట్టు కిటుకు, పంపులు ఆపడం, రోజువారీ పరిమితి వీటికీ వర్తిస్తాయి. సూపర్ గ్లూ జెల్‌తో కప్పేసే పద్ధతి చదును రాతి మీద, ఫ్రాగ్ ప్లగ్ (పగడపు ముక్కను, అంటే ఫ్రాగ్‌ని, అతికించి అమ్మే చిన్న బిళ్ళ) మీద బాగా పనిచేస్తుంది. గుల్లగుల్లగా ఉండే రాతిలో ఎనిమోన్ మరో కన్నం వెతుక్కుని బయటపడుతుంది. నీలి లేజర్లతో కాల్చేవాళ్ళు కూడా ఉన్నారు. గాజు మీద తిరిగి కొట్టే ఆ కిరణం ఇంట్లో వాళ్ళ కంటి లోపలి రెటీనాను కాల్చగలదు. పది రూపాయల సున్నంతో అయ్యే పనికి ఆ తెగింపు దేనికి?

రాయిని బయటికి తీయగలిగితే

పగడాలు అతికించని రాయి మీద గుంపు ఉంటే ఇదే ఉత్తమం. నీళ్ళలో పీకకుండా రాయి మొత్తాన్ని బకెట్లోకి తీసి, ఉలితో ఎనిమోన్ చుట్టూ సెంటీమీటరు రాయితో సహా చెక్కేయండి. పాదం కింది రాయి కూడా పోతే తునక మిగలదు. రాయి మొత్తం నిండిపోయి ఉంటే బ్లీచ్ నీళ్ళలో నానబెట్టి, బాగా కడిగి, సోడియం థయోసల్ఫేట్‌తో క్లోరిన్ పోగొట్టి, ఎండలో వారాల తరబడి ఆరబెట్టాలి. మధ్యలో ఉన్న తడి కూడా ఇగిరిపోవాలి. అలా ఆరిన రాయిలో బ్యాక్టీరియా కూడా చచ్చిపోతుంది కాబట్టి ట్యాంకులో ఉన్న రాళ్ళన్నీ ఒకేసారి తీయకూడదు; నాలుగో వంతు మించకుండా, నెలకోసారి.

రాయిని ఉడకబెట్టే ఆలోచన వస్తే అక్కడే ఆపేయండి. జోయాంథిడ్‌లలో పాలీథోవా రకాల ఒంట్లో పాలీటాక్సిన్ ఉంటుంది, తెలిసిన విషాల్లో అతి తీవ్రమైన వాటిలో అది ఒకటి. వేడికి అంత తేలిగ్గా చెడదు. అలాంటి రాయిని వంటింట్లో మరిగిస్తే లేచే ఆవిరి తుంపరలు పీల్చి ఇంట్లో అందరూ ఆసుపత్రి పాలైన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. రాతి మీద పాలీథోవా కనిపించడం లేదు కదా అనడానికి వీల్లేదు, కన్నాల్లో ఉండొచ్చు. ప్రెషర్ వాషరూ వద్దు, వేడినీళ్ళ గొట్టమూ వద్దు.

తినే ప్రాణులు, వాటి మధ్య తగువులు

అందరూ ముందుగా కొనేది పెప్పర్‌మింట్ రొయ్యల్ని. చవక, తేలిగ్గా దొరుకుతాయి. దుకాణాల్లో ఆ పేరుతో అమ్మేది లిస్మాటా వుర్డెమానీ, దానికి దగ్గరి చుట్టమైన లిస్మాటా బొగ్గెస్సీ లాంటి రకాలు. ఒంటి మీద పొడుగునా సన్నని ఎర్ర చారలు, మిగతా ఒళ్ళు పారదర్శకం. వీటి పక్కనే అదే ధరకి ఒంటె రొయ్య కూడా ఉంటుంది. వీపు గూనిగా, ఎర్ర ఒంటి మీద తెల్లని గీతలూ చుక్కలూ, పైకి లేచిన ముక్కు. అది పగడాల్ని తింటుంది. గూని ఉంటే కొనకండి, అంతే గుర్తు.

పెప్పర్‌మింట్ రొయ్య చిన్న ఐప్టేసియాల్ని శుభ్రంగా తింటుంది. పెద్దవాటి జోలికి పోదు. ఇంకో చిక్కు: అది ఏదైనా తినే జీవి. పైనుంచి రోజూ మైసిస్ (చేపలకి మేతగా వేసే చిన్న రొయ్యల్లాంటివి) రాలుతుంటే కుట్టే ఎనిమోన్‌ని ఎందుకు తింటుంది? రొయ్యలు తెచ్చి "పనిచేయలేదు" అనేవాళ్ళ ఇళ్ళలో రొయ్యలు బాగా బలిసి ఉంటాయి. చేపలకి వేసే తిండి అవి మిగల్చకుండా తినేంతకే తగ్గించి, 100 లీటర్లకి రెండు మూడు చొప్పున గుంపుగా వదిలి, నెల రోజులు చూడాలి. కొన్నిసార్లు పగడాల నోట్లోని తిండి కూడా లాక్కుపోతాయి, అది భరించక తప్పదు. ట్యాంకుకి గతంలో రాగి మందు వేసి ఉంటే మాత్రం రొయ్యలు బతకవు. రాళ్ళు పీల్చుకున్న రాగి నెలల తరబడి ఊరుతూనే ఉంటుంది.

బర్గియా వేరే కోవ. బర్గియా స్టెఫనీయే అనే ఈ సముద్రపు నత్తకి గుల్ల ఉండదు, వీపంతా బూడిదరంగు జూలు. పెరిగితే రెండు సెంటీమీటర్ల పైచిలుకు. ఐప్టేసియా తప్ప మరేదీ తినదు. తిన్న ఐప్టేసియాలోని దంశకణాల్ని పేలనివ్వకుండా తన జూలు కొసల్లో దాచుకుని, తనని తినబోయేవాళ్ళ మీద వాడుతుంది. మన గీటురాయి మీద పూర్తిగా నిలిచేది ఇదే. ఎందుకంటే ఇది ఎనిమోన్‌ని పీకదు, రంధ్రంలోకి దూరి మరీ కండ తింటుంది. రాలిన తునక ఎదిగితే దాన్నీ వెతుక్కుని తింటుంది.

లోపమల్లా వేగం. గుడ్లు తెల్లటి దారం చుట్టలా పెడతాయి, రీఫ్ ఉష్ణోగ్రతలో పన్నెండు రోజుల అటూ ఇటూ పొదుగుతాయి, ఆ పిల్లలు పెరిగి మళ్ళీ గుడ్లు పెట్టడానికి ఇంచుమించు రెండు నెలలు. అంటే మీరు వదిలిన ఆరు బర్గియాలు చేసే పని కంటికి ఆనదు. వాటి పిల్లలు, మనవలు చేసేదే అసలు పని. మూడు నెలల లోపు ఫలితం అడగకూడదు. మొదటి నెలలో ఒక్క బర్గియా కూడా కనిపించకపోవడం మామూలే. నిశాచరులు, రాళ్ళ లోపలే ఉంటాయి. అప్పటిదాకా ఉన్నవి చచ్చిపోయాయనుకుని మళ్ళీ సిరంజి తీసి ట్యాంకులో సున్నం వేసేవాళ్ళు వాటి తిండినీ వాటినీ కలిపి చంపుకుంటారు.

40 లీటర్లకి ఒకటి చొప్పున, ఎంత చిన్న ట్యాంకైనా ఆరుకి తగ్గకుండా తెచ్చుకోండి. ప్రతిదీ ఆడా మగా రెండూ అయినా, జత లేకపోతే గుడ్లు సాగవు. లైట్లు ఆరాక, పంపులు ఆపి, వెడల్పు మూతి పిపెట్‌తో రాళ్ళ గుంటల్లో ఐప్టేసియాల దగ్గర మూడు నాలుగేసి కలిపి వదలాలి. పైనుంచి నీళ్ళలో జారవిడిస్తే కింద పడేలోపే చేప నోట్లోకి వెళ్తాయి. అవి రాయిని పట్టుకున్నాయని చూసుకుని అరగంట తర్వాత పంపులు వేయండి. ఓవర్‌ఫ్లో పళ్ళకి, పవర్‌హెడ్‌కి స్పాంజి తొడగండి. ఆ స్పాంజిని రోజూ పిండకపోతే నైట్రేట్ మీదికి వస్తుంది. పిండే ముందు ఓసారి చూసుకోండి, దాని మీద బర్గియా అంటుకుని ఉండొచ్చు.

ఇక తగువులు. పెప్పర్‌మింట్ రొయ్య బర్గియాని, దాని గుడ్లని వదలదు. సిక్స్‌లైన్ రాస్ లాంటి రాస్ చేపలు, కోరల్ బ్యాండెడ్ రొయ్య, యారో పీత, ఎక్కడో రాతిలో దాగిన పేరు తెలియని పీత, ఇవన్నీ శత్రువులే. దంశకణాల జూలు వాటిని పెద్దగా ఆపలేదు. కాబట్టి "రొయ్యలు కూడా వేద్దాం, బర్గియా కూడా వేద్దాం, ఏదో ఒకటి పనిచేస్తుంది" అనే మార్గంలో ఖరీదైనది చవకైనదానికి మేత అవుతుంది. ట్యాంకులో రాస్‌లు ఉంటే బర్గియా మీద డబ్బు పెట్టకండి. పెద్ద ఐప్టేసియాలు చేతికి అందే చోట ఉంటే బర్గియా రాకకి రెండు వారాల ముందే సున్నంతో చంపి, నీరు మార్చి, ఆ తర్వాత మందు జోలికి పోకుండా ఉండాలి.

ఫైల్‌ఫిష్‌లలో అక్రెయిక్తిస్ టొమెంటోసస్ అనే చిన్న చేపను ఐప్టేసియా తినేదిగా అమ్ముతారు. నిజంగానే తింటుంది, చాలావరకు నమ్మకంగా. ఐప్టేసియా అయిపోయాక జోయాంథిడ్లు, కండగల పగడాల్ని కొరికి రుచి చూడటం కూడా అంతే నమ్మకం. చిన్న ట్యాంకులో రాస్‌లు ఉండి బర్గియా కుదరనప్పుడు ఇదే మిగిలిన దారి. పట్టుకుని బయటికి తీయగలిగే ట్యాంకైతేనే వేయండి. కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై అందగత్తె, పొడుగాటి మూతితో సందుల్లోంచి లాక్కుని తింటుంది. కానీ 450 లీటర్లకి తక్కువ ట్యాంకులో ఇరుకుపడుతుంది, కొత్త చోట తిండి ముట్టక చిక్కి చచ్చేవి ఎన్నో. దుకాణంలో అది మైసిస్ గాని గుల్ల విప్పిన ఆల్చిప్ప గాని తినడం కళ్ళారా చూసి కొనాలి. ఐప్టేసియా కోసమే దాన్ని తేవడం ఎలుకని పట్టడానికి గుర్రాన్ని కొన్నట్టుంటుంది.

మజానో విషయంలో ఈ జంతుశాల అంతా దాదాపు దండగ. బర్గియా దాన్ని ముట్టదు, రొయ్యలు తింటే తిన్నట్టు. అదృష్టమేమంటే అది లోతుగా ముడుచుకోదు, వెలుతురులో రాతి పైనే కూర్చుంటుంది, కాబట్టి సున్నపు ముద్ద దాని మీద బాగా కుదురుతుంది. రెండు విడతలు వేయాల్సి రావచ్చు. ఉప్పునీటిలో విద్యుత్తుతో అక్కడికక్కడ క్లోరిన్, క్షారం పుట్టించి కాల్చే మజానో వాండ్ అనే కర్ర కూడా దీనికోసమే వచ్చింది.

తిండి, చోటు, దారి

ఎన్ని చంపినా మళ్ళీ అదే వేగంతో వస్తుంటే ట్యాంకులో తిండి ఎక్కువైందని అర్థం. ఐప్టేసియా వెలుతురుతోనూ బతుకుతుంది, రాలిన తిండితోనూ బతుకుతుంది. రెండూ ఉంటే పండగ. ఫ్రోజెన్ మైసిస్‌ని జల్లెడలో కడిగి, కరిగిన నీళ్ళు పారబోసి వేయండి. చేపలు రెండు నిమిషాల్లో తినేంతే. నైట్రేట్ 2 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య ఉంటే పగడాలకి సరిపోతుంది. ఎనిమోన్‌ని మాడ్చేద్దామని రెండింటినీ సున్నాకి దించితే ఎనిమోన్ చావదు, పగడాలు పాలిపోతాయి, ఖాళీ అయిన రాళ్ళ మీద డైనోఫ్లాజెల్లేట్ అనే సూక్ష్మజీవుల జిగురు పరుచుకుంటుంది. సంప్ గోడల మీదవాటిని మొహమాటం లేకుండా గీకి, ఆ నీళ్ళతో సహా పారబోయవచ్చు. గీకే ముందు రిటర్న్ పంపు ఆపాలి. పంపుల్ని విప్పి, వెనిగర్ నీళ్ళు సమపాళ్ళలో కలిపి రెండు గంటలు నానబెడితే సున్నపు పొరతో పాటు వీటి పాదాలు కూడా ఊడతాయి.

అసలు ట్యాంకులోకి వచ్చే దారి ఫ్రాగ్ ప్లగ్ అడుగు. కొత్త పగడాన్ని ముంచి తీసే అయోడిన్ డిప్, ఇతర పగడపు డిప్‌లు చదునుపురుగుల్ని రాలుస్తాయేమో గాని ఐప్టేసియాని చంపవు, ముడుచుకునేలా చేస్తాయి, అంతే. కొన్న ఫ్రాగ్‌ని ప్లగ్ నుంచి పగడం అడుగున కోసి, పాత ప్లగ్‌ని చెత్తబుట్టలో వేసి, కొత్త ప్లగ్ మీద అతికించడం ఒక్కటే నమ్మదగ్గ పని. ఆ తర్వాత నాలుగైదు వారాలు వేరే పెట్టెలో ఉంచి రాత్రి టార్చితో చూడాలి. మన దేశంలో అయితే ఈ దారికి ఇంకో తాళం ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో రాతిపగడాలున్నాయి, కాబట్టి సముద్రం నుంచి తెచ్చిన పగడం, లైవ్ రాక్ (ప్రాణులతో సహా తీసిన రాయి) కొని హైదరాబాదులోనో విశాఖలోనో ట్యాంకులో పెట్టుకుంటే చిక్కు ఎనిమోన్‌తో ఆగదు. పొడి రాళ్ళతో మొదలుపెట్టిన ట్యాంకుకి ఐప్టేసియా బెడద కూడా తక్కువే.

బర్గియాలు గెలిచాక వాటికి తిండి ఉండదు, కొద్ది వారాల్లో ఆకలితో పోతాయి. అప్పటికే అవి పదులకొద్దీ ఉంటాయి కాబట్టి రాత్రి టార్చి వేసి పిపెట్‌తో ఏరి మరో పెంపకందారుకి ఇచ్చేయడం మంచిది. కొందరు నాలుగైదింటిని దాచుకోవడానికి ఒక గాజుసీసాలో ఐప్టేసియాలు కావాలనే పెంచుతారు, వారానికి రెండుసార్లు ఆ ఐప్టేసియాలకి ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న రొయ్యల్లాంటి జీవి) పిల్లల్ని మేపుతారు. ఆ సీసాకి వాడిన పిపెట్, చెంచా, గుడ్డ విడిగా ఉంచాలి. ఆ నీరు పారబోసేది సింకులోనే.